మీకు తెలుసా? మంచుకొండలపై యూకలిప్టస్

తెలుగు నేలపై జామాయిల్ తోటలుగా పరిచితమైన యూకలిప్టస్ ప్రజాతికే చెందిన స్నో గమ్ అనే వృక్షం ఆగ్నేయ ఆస్ట్రేలియా పర్వతాలలో, శీతకాలమంతా మంచు కప్పి ఉండే వాలులపై కూడా పెరుగుతుంది. యూకలిప్టస్ పాసిఫ్లోరా దీని శాస్త్రీయ నామం. 2,228 మీటర్ల కోసియుస్కో శిఖరం పరిసరాలలో వృక్షరేఖ, అనగా చెట్లు పెరగగల ఎత్తుకు పైహద్దు, సుమారు 1,800 మీటర్ల వద్ద ఉండగా, అంతవరకు చేరుకొనే ఈ చెట్టు అక్కడి గాలికి, మంచు బరువుకు మెలితిరిగి పొట్టిగా మిగులుతుంది.

అంతకంటె విచిత్రమైనది దీని దిగువ హద్దు. రాత్రివేళ బరువైన చల్లగాలి లోయల అడుగుకు జారి నిలిచిపోవడం వల్ల అక్కడి లేత మొక్కలు మంచుదెబ్బకు చనిపోతాయి. కనుక వాలుపై అడవి, లోయలో చెట్టులేని పచ్చిక కనిపిస్తాయి.

కార్చిచ్చులో కాండం మాడిపోయినా, లిగ్నోట్యూబర్ అనే, కాండం మొదట నేలలో ఉబ్బి ఉండే దుంపవంటి భాగం నుండి కొత్త కొమ్మలు పుట్టుకొస్తాయి. అయితే 2003లో ఈ పర్వతాలలో చెలరేగిన భారీ దావానలం వంటివి తరచుగా సంభవిస్తే ఈ శక్తి సన్నగిల్లుతుంది. పైగా బెరడు కింద తొలిచి నీటి ప్రసరణను తెంచే ఒక జాతి పెంకుపురుగుల లార్వాలు ఇటీవలి కాలంలో విస్తారమైన వనాలను ఎండబెడుతున్నాయి.