గెడ్డనీటిలో కానరాని వేట

శీతకాలమున పెదబయలు ప్రాంతమున మత్స్యగెడ్డ యొడ్డున నిలిచి దోసెడు నీరు పట్టి చూచినచో, అది అద్దమువలె నిర్మలముగా కానవచ్చును. అయినను ఆ దోసిటిలో ఎడతెగని వేట సాగుచుండును. నీటిలో బాక్టీరియాలుండుననియు, వానిలో కొన్ని కలరా, విరేచనములు మున్నగు రోగములను కలిగించుననియు శ్రోతలెరుగుదురు. ఆ బాక్టీరియాలను సైతము పీడించు వైరసులు కలవు. వానిని బాక్టీరియోఫేజులందురు, అనగా బాక్టీరియా భక్షకులు. మిల్లీలీటరు సహజజలములో 25 కోట్ల వరకు వైరసు కణములుండగలవని నార్వే శాస్త్రజ్ఞులు 1989లో లెక్కించి చూపిరి.

ఈ కథకు మన దేశముతో పాతసంబంధమే యున్నది. గంగా యమునల నీటిలో కలరా క్రిములు కొలదిగంటలలో నశించుటయు, నీటిని కాచినచో ఆ శక్తి పోవుటయు 1896లో ఆగ్రాలోని హాంకిన్ అను ఆంగ్లేయుడు ప్రకటించెను. కారణ మాతనికి తెలియలేదు. 1917లో పారిస్ నగరమున డెరెల్ ఈ భక్షకులను గుర్తించి పేరు పెట్టెను. హాంకిన్ చూచినది వీని పనియేనని పలువురు తలతురు. ఆనాటి నీటిని మరల పరీక్షింప వీలులేదు గదా! డెరెల్ 1927లో మన దేశమునకే వచ్చి కలరాపై ఫేజులను ప్రయోగించి చూచెను.

ఫేజు బాక్టీరియాపై వాలి, తన జన్యుపదార్థమును లోనికి పంపును. కొన్ని జాతులలో అరగంట గడచునప్పటికి బాక్టీరియా పగిలి, నూరింటికి పైగా క్రొత్త ఫేజులు వెలువడును. అయితే ఏ ఫేజు ఆహారము దానిదే. కలరా క్రిమిని తినునది విరేచనముల క్రిమిని ముట్టదు. అందుచేతనే, మన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలు నడపిన లెడర్లీ సంస్థనుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడి, అనేక క్రిములను ఒక్కమారుగా అణచినప్పుడు, వైద్యులు పెక్కుదేశములలో ఫేజులను మరచిరి. మందులకు లొంగని క్రిములు పెరుగుటచే నేడు మరల వానిని వెదకుచున్నారు.

పారునీరు తనంత తానే శుద్ధియగునని దీనినిబట్టి తలంపరాదు. ఫేజులున్న నీటిలో రోగక్రిములును మిగిలియుండును. అంతేకాదు, కలరా విషమును పుట్టించు జన్యువులను ఆ క్రిమికి చేర్చినదియు ఒక ఫేజేనని 1996లో వాల్డోర్, మెకలనోస్ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. వానకాలమున గెడ్డనీటిని కాచియే త్రాగవలెను. కాచిన నీటిలో హాంకిన్ చెప్పిన శక్తి లేకపోవచ్చును గాని, కలరా క్రిమియు ఉండదు.

కొండయూటల పరీక్షకు మాత్రము ఫేజులు బాగుగా ఉపకరించును. ప్రేవులలో నివసించు ఈ.కోలై బాక్టీరియాను పళ్లెములో పెంచి, దానిలో ఊటనీటిని కలుపుదురు. ఆ బాక్టీరియాను తిను ఫేజులున్నచో, మరునాటికి తెల్లని పొరలో గుండ్రని ఖాళీమచ్చలు తేలును. అప్పుడు ఊటకు ఎగువన పశువుల మందయో, మరుగుదొడ్డి గొయ్యియో ఉన్నదేమో వెదకవలసియుండును.