కురుచ స్ప్రింగు, నేలబారు కారు

జాకీపై లేచిన కారునకు చక్రము నూడదీసినపుడు, దాని వెనుక చిటికెనవ్రేలంత లావు ఉక్కుతీగతో చుట్టిన స్ప్రింగొకటి కంటబడును. కారు బరువును మోయునది, గోతి కుదుపును మన నడుమునకు చేరనీయక తానే మ్రింగునది అదియే. దానిని తీయించి, అంతకంటె కురుచదానిని వేయించి, చక్రమునకును పైనున్న రేకుకమానునకును నడిమి సందును పూడ్చి, కారును మూడు నాలుగు సెంటీమీటర్లు నేలకు దింపుకొనుట నేటి యువకులలో పలువురకు ముచ్చట. చూపునకు ఇది అలంకారమే కాని, దీని వెనుక ఒక శాస్త్రమును, ఆ శాస్త్రము వసూలు చేయు ఒక సుంకమును కలవు.

లాభము మొదట చెప్పవలెను. ఎత్తుగా వరిగడ్డి వేసిన బండి వంపుదారిలో ఒరిగినట్లు అంతే బరువుగల ఇసుకబండి ఒరుగదు; దాని గురుత్వకేంద్రము క్రిందుగా నుండుటయే కారణము. కారు సంగతియు ఇంతే. నేలనుండి 50 సెంటీమీటర్ల ఎత్తుననున్న గురుత్వకేంద్రమును 3 సెంటీమీటర్లు దింపినచో, మలుపున లోపలి చక్రములనుండి బయటి చక్రములపైకి మరలు భారము నూటికి 6 పాళ్లు తగ్గును.

ఇక సుంకము. స్ప్రింగు సాగుట దానిపై బడు బలమునకు అనుపాతముగా నుండునని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించెను. అణగుటకును అదే సూత్రము. కారు దిగిన కొలది చక్రము పైకి లేచుటకు చోటు తగ్గును గనుక, ఆ కొద్ది చోటులోనే దెబ్బను ఆపుటకై కురుచ స్ప్రింగును మరింత బిరుసుగా చేయుదురు. లేనిచో కారు రబ్బరు దిమ్మలపై ధభాలున కూర్చుండును. ప్రయాణము కటువగును. పాత షాక్ అబ్జార్బరు ఈ బిరుసుతనమును అదుపు చేయజాలనిచో దానిని గూడ మార్చవలసి వచ్చును.

సొమ్ము మిగుల్చుకొనగోరి కొందరు ఉన్న స్ప్రింగునే కోయింతురు. పనిచేయు చుట్లు 6 గలదానినుండి ఒకటి కోసినచో, మిగిలినది మునుపటికంటె నూటికి 20 పాళ్లు బిరుసెక్కును. గ్యాసుమంటతో కోసినచో ఉక్కు పదను చెడును. కొస తన పీటలో కుదురుగా నిలువదు. జాకీపై చక్రము వ్రేలాడునపుడు వదులై గడగడలాడును. అంతేగాక, కారు దిగినపుడు చక్రములను పట్టియుండు లోయర్ ఆర్ముల వాలు మారి, పెక్కు కార్లలో చక్రముల పైయంచులు లోపలికి ఒరుగును. వీల్ అలైన్‌మెంటు మరల చేయింపనిచో టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోవును. బయటినుండి చూచువానికి మాత్రము టైరు క్రొత్తదివలెనే కనబడును.

ఈ ముచ్చటకు పేరెన్నికగన్న చోటు అమెరికాలోని లాస్ ఏంజెలిస్. అచ్చటి మెక్సికన్ సంతతి యువకులు స్ప్రింగులు కోసియు, డిక్కీలో ఇసుకబస్తాలు వేసియు కార్లను దింపి, వీథులవెంట మెల్లగా నడుపుచుండిరి. చక్రములు గాక కారులో మరే భాగమును రిమ్ము అడుగుకంటె క్రిందికి దిగరాదని కాలిఫోర్నియాలో 1958లో శాసనము అమలునకు రాగా, రాన్ అగీర్రే అనునతడు 1959 ప్రాంతమున తన కార్వెట్‌కు విమానపు హైడ్రాలిక్ పంపులను అమర్చి, కోరినపుడు లేచి కోరినపుడు దిగునట్లు చేసెను. దింపుటయందు అంత పేరొందినవారికిని లేపుకొను ఉపాయము కావలసివచ్చినది.

మనకు ఆ పాఠమును స్పీడ్ బ్రేకరు నేర్పును. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారము అది 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, విల్లువలె మెల్లగా వంగియుండవలెను. ముందు వెనుక చక్రములకు నడుమ రెండున్నర మీటర్లు గల కారు దానిపై నిలిచినపుడు, పొట్టక్రింది సందులో తరుగునది 5 సెంటీమీటర్లకు లోపే. కాని వీథిమొగలో ఊరివారు సిమెంటుతో పోసిన మూరెడు వెడల్పు గట్టు, తన యెత్తంతయు ఆ సందునుండియే తీసికొనును. 16 సెంటీమీటర్ల సందుగల కారును 4 దింపి, పండుగనాడు ఐదుగురెక్కి కూర్చున్న పిమ్మట, ఆ గట్టుపై అడుగురేకు గీచుకొనిన చప్పుడు వినబడినచో, సుంకము వసూలైనదని తెలిసికొనవలెను.