ఒక్క వరుసలో పట్టిక

బ్రెయిలీ నోట్‌టేకర్ అంటే తెర అక్కర్లేని చిన్న కంప్యూటర్. ఆరు చుక్కలకు ఆరు మీటలు, వాటి మధ్య ఖాళీ కోసం మరో మీట. రాసింది మాటగా వినిపిస్తుంది, లేదా చుక్కలుగా వేలికి తగులుతుంది. అమెరికాలోని మేరీల్యాండ్‌లో డీన్ బ్లేజీ సంస్థ 1987లో తెచ్చిన 'బ్రెయిల్ ఎన్ స్పీక్' వీడియో క్యాసెట్ పాటి పెట్టె. అది మాట్లాడేది గానీ చుక్కలు చూపేది కాదు. నోట్సు, క్యాలెండర్, క్యాలిక్యులేటర్, ఫోన్ నంబర్ల జాబితా అన్నీ అందులోనే ఉండేవి. తర్వాత వచ్చిన 'బ్రెయిల్ లైట్' ఒక్కో బ్రెయిలీ గుర్తుకు ఒక గది చొప్పున 18 గదుల చుక్కల పట్టీని జోడించింది. కరెంటు ఇస్తే వంగే సన్నని పింగాణీ రేకు అందులోని ఒక్కో చుక్కను పైకి నెడుతుంది. రాసే మీటలు ఆరే అయినా పట్టీలో గదికి ఎనిమిది చుక్కలు, చుక్కకో రేకు కావాలి కాబట్టి ధర మండిపోతుంది. అందుకే చాలాకాలం నోట్‌టేకర్లకు 18, 32, 40 గదుల ఒకే ఒక్క వరుస మిగిలింది.

స్ప్రెడ్‌షీట్ ఆ ఒక్క వరుసలో ఇమిడేది కాదు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ ఆపిల్-2 కోసం రాసిన ప్రోగ్రామ్‌కు 'విజికాల్క్' అని పేరు పెట్టారు. కంటికి కనబడే లెక్క అని దాని భావం. చిక్కంతా ఆ పేరులోనే ఉంది. మార్కుల పట్టికలో 78 అనే అంకె ఎవరిదో, ఏ సబ్జెక్టుదో తెలియాలంటే కన్ను ఎడమకోసారి, పైకోసారి వెళ్లివస్తుంది. వేలి కింద 78 ఒక్కటే ఉన్నప్పుడు దాని ఇల్లూ పేరూ యంత్రమే చెప్పాలి.

డేటాబేస్‌తో ఈ బాధ లేదు. దాని స్వభావమే ఒక్కొక్కటిగా అడగడం. 'పేరు' అని అడుగుతుంది, నింపుతారు; 'ఊరు' అంటుంది, నింపుతారు; 'ఫోన్' అంటుంది. ఒక మనిషి వివరాలు పూర్తయ్యాక మరొకరివి. ఎక్కడ ఆగినా అంకె పక్కనే దాని శీర్షిక ఉంటుంది. కొరియాలోని హిమ్స్ సంస్థ తెచ్చిన 'బ్రెయిల్ సెన్స్' లాంటి యంత్రాల్లో డేటాబేస్‌కు ప్రత్యేకంగా ప్రోగ్రామ్ ఉండటం యాదృచ్ఛికం కాదు. రికార్డులకూ ఒక్క వరుస పట్టీకీ పొత్తు సహజంగా కుదిరింది.

స్ప్రెడ్‌షీట్‌కు ఆ పొత్తును అల్లుకురావాల్సి వచ్చింది. 2000 తర్వాత ఫ్రీడమ్ సైంటిఫిక్ సంస్థ 'ప్యాక్ మేట్'లో పాకెట్ పీసీ సాఫ్ట్‌వేర్ వాడి, ఎక్సెల్ చిన్న రూపాన్ని అందించింది. బాణం మీటతో గడి మారినప్పుడల్లా యంత్రం 'బీ2' లాంటి గడి పేరూ, విలువా చెప్పేది. పెద్ద కంప్యూటర్లలో జాస్ అనే తెర చదివే ప్రోగ్రామ్ ఇంకో అడుగు వేసింది: శీర్షికలున్న గడికి 'కాలమ్‌టైటిల్' అని పేరు పెడితే, అడ్డంగా కదిలిన ప్రతిసారీ ఆ శీర్షిక తనంతట తనే వినబడుతుంది.

గడి పేరును చుక్కల్లో చూపడంలోనే ఒక తిరకాసు ఉంది. మామూలు బ్రెయిలీలో 1 నుంచి 0 దాకా అంకెలకు ఏ నుంచి జే దాకా ఇంగ్లీషు అక్షరాల రూపాలే వాడతారు. బీ అక్షరమూ 2 అంకె కూడా 1, 2 చుక్కలే. 'బీ2' అనే గడి రాయాలంటే నడుమ అంకె గుర్తు పెట్టాలి, మూడు గదులు పోతాయి. కంప్యూటర్ బ్రెయిలీ అంకెను ఒక మెట్టు కిందికి దింపుతుంది. 2 అప్పుడు 2, 3 చుక్కలవుతుంది. అంకె గుర్తు అక్కర్లేదు, అచ్చు అక్షరానికి ఒక గది చొప్పున నిలువు వరుసలూ తిన్నగా నిలుస్తాయి. తెలుగు పేరొస్తే మరో ఇబ్బంది. భారతీయ భాషలకు వాడే భారతి బ్రెయిలీలో గుణింతపు గుర్తు హల్లు తర్వాత వేరే గదిలో కూర్చుంటుంది. అచ్చులో నాలుగక్షరాల 'రామారావు' ఎనిమిది గదులు తీసుకుంటాడు. 18 గదుల పట్టీలో సగానికి కొంచెం తక్కువ ఆయనకే.

డేటాబేస్‌ను పెద్ద కంప్యూటర్‌కు పంపేటప్పుడు వాడే సాదా దారి, కామాలతో వేరుచేసిన టెక్స్ట్ ఫైలు. ఇక్కడ అజాగ్రత్త పనికిరాదు. చిరునామాలో ఒక్క కామా ఉండి, దాన్ని కోట్ గుర్తుల్లో పెట్టకపోతే అక్కడినుంచి వరుసంతా ఒక గడి పక్కకు జరుగుతుంది. తెర చూసేవారికి పంక్తి వంకర ఇట్టే కనబడుతుంది. వినేవారికి మాత్రం 'ఫోన్' శీర్షిక కింద జిల్లా పేరు పలికినప్పుడే తెలుస్తుంది.

పట్టికను పట్టికగానే తడమాలన్న కోరికకు ఇప్పుడు దారి తెరుచుకుంటోంది. బ్రిటన్‌లోని బ్రిస్టల్ బ్రెయిల్ వారి 'కనూట్ 360'లో 40 గదుల వరుసలు తొమ్మిది. అమెరికన్ ప్రింటింగ్ హౌస్ ఫర్ ద బ్లైండ్, హ్యూమన్‌వేర్ కలిసి తెచ్చిన 'మొనార్క్'లో 32 గదుల వరుసలు పది. మార్కుల నిలువు వరుస మీద వేలిని కిందికి జార్చి 78ని పక్కవారి మార్కులతో పోల్చుకోవచ్చు. మొనార్క్‌లో అడ్డంగా మాత్రం గదులు ఆ 32 మాత్రమే. నాలుగు నిలువు వరుసలు వేసి మధ్యలో ఒక్కో ఖాళీ వదిలితే తలా ఏడు గదులు, ఒక గది మిగులు. రామారావుకు ఒక గది తక్కువే.