తెంచేదీ తనే, కలిపేదీ తనే

ఒక బ్యాక్టీరియా తనలోని జన్యువులను పక్కనున్న మరో బ్యాక్టీరియాకు నేరుగా అందించడాన్ని సంయుగ్మం అంటారు. ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకే జాతివి కానక్కర్లేదు. ఇలా చేతులు మారేది చాలాసార్లు ప్లాస్మిడ్, అంటే క్రోమోజోముకు వెలుపల తన ప్రతులు తనే తయారు చేయించుకునే చిన్న డీఎన్ఏ వలయం. 1946లో అమెరికాలో జోషువా లెడర్‌బర్గ్, ఎడ్వర్డ్ టాటమ్ ఇ.కోలై బ్యాక్టీరియాలో ఈ మార్పిడిని కనిపెట్టారు. అది ఒకవైపే సాగుతుందని, దాత వేరు, గ్రహీత వేరని కొన్నేళ్లకు లండన్‌లో విలియం హేస్ తేల్చాడు. ఇ.కోలైని దాతగా మార్చేది ‘ఎఫ్’ అనే ప్లాస్మిడ్. దాని పొడవు దాదాపు లక్ష క్షార జతలు.

ఎఫ్ ఉన్న కణం మీద పైలస్ అనే సన్నని ప్రోటీన్ గొట్టం మొలుస్తుంది. అది గ్రహీతను తాకి, వెనక్కు ముడుచుకుంటూ రెండు కణాలనూ దగ్గరకు లాగుతుంది. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో ఎక్కువగా కనిపించేది ఈ గొట్టమే. కానీ డీఎన్ఏను ప్రయాణానికి సిద్ధం చేసే పని కణం లోపల జరుగుతుంది. అందులో ప్రధాన పాత్ర ‘ట్రాఐ’ అనే ప్రోటీన్‌ది. ఇది 1756 అమైనో ఆమ్లాల గొలుసు, మామూలు బ్యాక్టీరియా ప్రోటీన్‌కు ఐదారు రెట్లు ఉంటుంది.

దీని చరిత్ర కూడా ఆసక్తికరమైనదే. 1976లో జర్మనీలో హాఫ్‌మన్-బెర్లింగ్ బృందం ఇ.కోలై నుంచి ఒక ఎంజైమును వేరు చేసింది. ఏటీపీ ఇచ్చే శక్తితో డీఎన్ఏ రెండు పోగుల పురి విప్పడం దాని పని. అలాంటి ఎంజైములను హెలికేసులంటారు. వాటిలో మొట్టమొదట దొరికింది ఇదే. అది క్రోమోజోముది కాదని, ఎఫ్ ప్లాస్మిడ్‌లోని ట్రాఐ జన్యువు తయారు చేయించేదేనని 1983లో తెలిసింది. డీఎన్ఏను తెంచే పని కూడా దానిదేనని ఆ తర్వాత రుజువైంది.

తెంచడం ఎక్కడపడితే అక్కడ జరగదు. ప్లాస్మిడ్‌లో బదిలీ మొదలయ్యే చోటు ఒకటుంది. ట్రావై, ట్రాఎం అనే సహాయక ప్రోటీన్లు, ఆతిథ్య కణానికే చెందిన మరో ప్రోటీన్ అక్కడ చేరి డీఎన్ఏను వంచుతాయి. అప్పుడు ట్రాఐ రెండు పోగుల్లో ఒకదాన్నే తెంచుతుంది. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు మూడు పట్టి ఉంచిన లోహ అయాను సాయంతో, గొలుసులో 16వ స్థానంలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లం పోగు మీద దాడి చేస్తుంది. తెగిన కొన ఆ టైరోసిన్‌కే రసాయన బంధంతో అతుక్కుంటుంది. మొత్తం ప్రక్రియలో కీలకం ఈ అతుకే. డీఎన్ఏను కోసే సాధారణ ఎంజైములు తెగిన కొనను వదిలేస్తాయి, మళ్లీ కలపాలంటే వేరే ఎంజైమూ అదనపు శక్తీ కావాలి. ట్రాఐ కొనను వదలదు. తెగిన బంధంలోని శక్తి టైరోసిన్ బంధంలో భద్రంగా ఉంటుంది కాబట్టి, చివర్లో కొనలు కలపడానికి ఏటీపీ అక్కర్లేదు.

ఇక పురి విప్పాలి. ట్రాఐలోని హెలికేసు భాగం సెకనుకు సుమారు వెయ్యి క్షార జతలు విప్పుకుంటూ పోతుంది. అయితే కొనను పట్టుకోవడం, పురి విప్పడం ఒకే అణువు ఒకే సమయంలో చేయలేదు. 2017లో లండన్‌లోని గాబ్రియేల్ వాక్స్‌మన్ బృందం క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో ట్రాఐ నిర్మాణాన్ని చూపినప్పుడు దీనికి కారణం మరింత స్పష్టమైంది. విప్పే రూపంలో ప్రోటీన్ డీఎన్ఏ పోగును చుట్టూ కమ్మేస్తుంది. పట్టుకునే రూపం తెరుచుకుని ఉంటుంది. అందుకే రెండు ట్రాఐ అణువులు పని పంచుకుంటాయని ఆ బృందం ప్రతిపాదించింది.

కొనకు అతుక్కున్న ట్రాఐ డీఎన్ఏతో పాటే గ్రహీతలోకి వెళుతుంది. డీఎన్ఏ దాత నుంచి బయటికి వెళ్లే ద్వారం దగ్గర ఉండే ట్రాడీ అనే ప్రోటీన్ గుర్తుపట్టడానికి కావలసిన సంకేతాలు కూడా ట్రాఐలోనే ఉన్నాయి. ఎఫ్ మొత్తం దాటడానికి రెండు మూడు నిమిషాలు చాలు. అవతల ట్రాఐ కొనలు కలిపి ఒంటిపోగు వలయాన్ని పూర్తిచేస్తుంది, గ్రహీత కణంలోని ఎంజైములు జత పోగును నిర్మిస్తాయి. దాతలో మిగిలిన పోగుకూ జత ఏర్పడుతుంది. దాత ఏమీ కోల్పోదు, గ్రహీత కొత్త దాత అవుతుంది.

ఈ రెట్టింపు వల్లే మందులకు లొంగని గుణం అంత వేగంగా పాకుతుంది. 1950లలో జపాన్‌లో రక్తవిరేచనాలు కలిగించే షిగెల్లా ఒకేసారి నాలుగు రకాల మందులకు లొంగకుండా పోయింది. ఆ నిరోధకతను మోసింది ప్లాస్మిడ్లేనని అక్కడి శాస్త్రవేత్తలు చూపారు. వాటిలో ఒకటైన ఆర్100లోని ట్రాఐ, ఎఫ్‌లోని దానికి దగ్గరి బంధువు. హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరులో మందుల కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు 2007లో వెల్లడైంది. ఆ ప్రాంతపు వాగుల అడుగు మట్టిలో నిరోధక జన్యువులతో పాటు వాటిని మోసే ప్లాస్మిడ్లూ తర్వాతి అధ్యయనాల్లో బయటపడ్డాయి.

ట్రాఐని అడ్డుకుంటే వ్యాప్తి ఆగుతుందన్న ఆలోచనతో 2007లో అమెరికాలో ఒక ప్రయోగం జరిగింది. ఎముకల జబ్బులకు వాడే ఎటిడ్రోనేట్, క్లోడ్రోనేట్ ఆ ఎంజైమును నిలువరించినట్టు కనిపించింది. ఆ మందులు లోహ అయాన్లను లాగేసుకోవడం వల్లే ఆ ఫలితం వచ్చి ఉండవచ్చని తర్వాత తేలడంతో ఆ ఆశ సన్నగిల్లింది. అయినా ఈ దారి మూసుకుపోలేదు. సంయుగ్మానికి తోడ్పడే ఇలాంటి ఎంజైముల్లో చాలావాటికి హిస్టిడిన్లు, లోహ అయాను, టైరోసిన్ ఉన్న ఆ కేంద్రం ఉమ్మడి లక్షణం. మందుల అన్వేషణకు అది ఇప్పటికీ ఒక ముఖ్య లక్ష్యమే.