పాత ట్రాక్టరు టాంకిలో త్రుప్పు

ముదిగొండ ప్రాంతమున పత్తి, మిరప పనులు ముగిసిన పిమ్మట పాత ట్రాక్టరు సగము డీజిలుతో కొట్టమున నిలిచియుండును. దోషమంతయు ఆ ఖాళీ సగముననే యున్నది. రాత్రి చల్లబడగా లోపలి గాలియందలి తేమ ఇనుపరేకుపై చెమ్మగా దిగి, డీజిలుకంటె బరువగుటచే అడుగు చేరి త్రుప్పు పట్టించును. ఆ పొడి ఫిల్టరు దాటెనా, పంపును నాజిళ్లను గీచివేయును. తొలకరి వేళ బండి నిలిచినచో అదను పోవును గదా!

కావున సోదరులారా, కొలువున్న దినములలో టాంకిని ఉదయమున గాక పని ముగియగనే నింపుడు. సొమ్ము ముందుగా పెట్టవలెనని కొందరందురు. నిజమే, కాని ఆ డీజిలు ఎక్కడికిని పోదు. మరునాడు ఇంజను త్రిప్పకమునుపే అడుగుమర విప్పి, నీరు పోయి తేటనూనె వచ్చువరకు గిన్నెలోనికి వదలుడు. పాతచీరతో వడకట్టకుడు, దాని పోగులే ఫిల్టరును మూయును. సన్నని ఇత్తడి జల్లెడ మేలు. ఫిల్టరు మార్చిన పిదప గొట్టములలోని గాలి తీయుట మరువకుడు.