చావింటి పాట కాదు... బతుకు గీత!

బందరులోనో, గుడివాడలోనో, దివిసీమలోని ఏ పల్లెలోనో... మైకులో ఘంటసాల భగవద్గీత వినిపిస్తే చాలు. 'అయ్యో, ఎవరు పోయారో' అనుకుంటూ జనం గుమ్మంలోకి వస్తారు. పొద్దున్నే ఇంట్లో పెడదామంటే 'ఇప్పుడది ఎందుకురా, తీసెయ్' అంటారు పెద్దవాళ్లు. ఆ గొంతేమో గుడివాడ దగ్గరి చౌటపల్లిది!

ఘంటసాల వెంకటేశ్వరరావు అక్కడే 1922 డిసెంబరు 4న పుట్టారు. తండ్రి సూరయ్య తరంగాలు పాడుతుంటే ఆ పసివాడు చిందులేసేవాడు. చిన్నతనంలోనే తండ్రి దూరమయ్యారు. అయినా సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదల పోలేదు. విజయనగరం వెళ్లి, మధూకరంతో కడుపు నింపుకుంటూ పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర సాధన చేశారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకీ వెళ్లొచ్చారు. ఆ తర్వాతే మద్రాసు, సినిమాలు.

సినిమాతో పనిలేకుండా...

ఇప్పటి కుర్రాళ్లు బ్యాండు కట్టి సొంతంగా ఆల్బమ్ చేస్తే గొప్పగా చెప్పుకుంటాం. సినిమాతో పనిలేని పాటలు ఘంటసాల ఏనాడో పాడారు. అప్పట్లో వాటిని ప్రైవేటు పాటలనేవారు. కరుణశ్రీ 'పుష్పవిలాపం' అలా ఇంటింటికీ చేరిందే. కాకపోతే 78 ఆర్‌పీఎం రికార్డుకి ఒక్కో వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలే. ఎంత పాడాలన్నా ఆ లెక్కలోనే సర్దుకోవాలి. ఎల్పీలు వచ్చాక ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా చోటు దొరికింది. గీత పాడాలంటే ఆ మాత్రం తీరుబడి ఉండాల్సిందే మరి.

ఏడొందల శ్లోకాల్లోంచి ఎంచుకున్నవి నూటికి పైచిలుకు. శ్లోకం భావాన్ని బట్టి రాగం మారుతుంది. వెంటనే అదే గొంతు తేట తెలుగులో తాత్పర్యం చెబుతుంది. సంస్కృతం రానివాళ్లకీ గీత అందింది అందుకే. అప్పటికే చక్కెర వ్యాధి, గుండె జబ్బు ఆయన్ని పీడిస్తున్నాయి. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. రికార్డు జనంలోకి వచ్చింది ఆ తర్వాతే. దాన్ని తెలుగువాళ్లు ఎంతగా గుండెకు హత్తుకున్నారో ఆయన చూడలేకపోయారు.

ఎవరికి చెప్పిన మాట?

ఆత్మకు చావు లేదని చెప్పే శ్లోకాలు ఉన్నాయి కాబట్టి దుఃఖంలో ఉన్న ఇంటికి ఆ పాట ఓదార్పే. తప్పేం లేదు. కానీ అక్కడికే పరిమితం చేస్తే ఎలా? గీత చెప్పింది పోయినవాడికి కాదు. చేతిలోని గాండీవం జారిపోయి, ఏం చేయాలో తోచక కూలబడిన మనిషికి. లేచి నీ పని నువ్వు చెయ్యమని చెప్పడానికి! పరీక్ష తప్పిన పిల్లాడికి, పంట పోయిన రైతుకి, ఉద్యోగం ఊడిన ఇంటి పెద్దకి అంతకంటే కావలసిన మాట ఏముంది?

ఇప్పుడు రికార్డు ప్లేయర్ అక్కర్లేదు, సెల్‌ఫోన్ ఉంటే చాలు. ఓ ఆదివారం పొద్దున పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వినిపించండి. ఆ తాత్పర్యాలు వాళ్లకి మీరు విడమరిచి చెప్పక్కర్లేదు. చౌటపల్లి గొంతే చెబుతుంది.