డీప్ డ్రాప్ ఫిషింగ్: ఇది శామీర్‌పేట చెరువు గాలం కాదు.. వంద మీటర్ల లోతులో పట్టిన చేపను మళ్లీ వదలలేం

నడి సముద్రంలో బోటు ఆపుతారు. కిలో బరువున్న సీసం గుండు కట్టిన దారాన్ని వందల మీటర్ల లోతుకు వదులుతారు. కాసేపటికి ఒకే దారానికి మూడు, నాలుగు ఎర్రటి చేపలు వేలాడుతూ పైకి వస్తాయి. ఇలాంటి వీడియోలు మీ ఫోన్‌లోకి కూడా వచ్చే ఉంటాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో దీన్ని డ్రాప్‌లైన్ ఫిషింగ్ అంటారు. అమెరికా వాళ్లు డీప్ డ్రాపింగ్ అంటారు. ఎక్కడైనా లెక్క ఒకటే.. ఫొటో కోసం కాదు, ఇంటికి తీసుకెళ్లి వండుకునే చేప కోసం వేసే గాలం ఇది.

గౌడవెల్లి, మేడ్చల్, శామీర్‌పేట వైపు సెలవు రోజున చెరువు గట్టున గాలం వేసేవాళ్లకు ఆ వీడియోలు చూశాక విశాఖ వెళ్లి ఒకసారి ట్రై చేద్దామా అనిపించడం సహజమే. సికింద్రాబాద్‌లో వందే భారత్ ఎక్కితే ఎనిమిదిన్నర గంటల్లో సముద్రం పక్కన దిగొచ్చు. కానీ చెరువు దగ్గర మనకున్న ఒక అలవాటు అక్కడ పనిచేయదు. చిన్న చేప పడితే కొక్కెం తీసి మళ్లీ నీళ్లలో వేసేస్తాం కదా. లోతు సముద్రంలో అలా వదిలిన చేప చాలాసార్లు బతకదు. ఎందుకో తెలియాలంటే ముందు ఈ గాలం ఎలా పనిచేస్తుందో చూడాలి.

గాలంలో ఏముంటుంది?

పొడవైన మెయిన్ లైన్. దాని అడుగు కొసకు సీసం గుండు. గుండుకు పైన కొంచెం కొంచెం దూరంలో చిన్న కొమ్మల్లా కట్టిన పొట్టి దారాలు, ఒక్కో దానికి ఒక్కో కొక్కెం. ఎరగా కవ్వళ్లు, స్క్విడ్ ముక్కలు వాడతారు. గుండు నేలను తాకగానే దారాన్ని ఒకటి రెండు మీటర్లు పైకి లాగి పట్టుకుంటారు. ఎరలు రాళ్లలో ఇరుక్కోకుండా, నేలకు దగ్గర్లోనే వేలాడుతూ ఉంటాయి.

ఇక్కడ దారమే అసలు కీలకం. చెరువులో వాడే మామూలు నైలాన్ దారం సాగుతుంది. వంద మీటర్లు దాటితే కింద చేప కొరికినా ఆ సాగుడులోనే కుదుపు పోతుంది, చేతికి తెలియదు. అందుకే సాగని అల్లిక దారం, అంటే బ్రెయిడ్ వాడతారు. అది సన్నగా కూడా ఉంటుంది కాబట్టి నీటి ప్రవాహం దాన్ని తక్కువగా తోస్తుంది. ప్రవాహం బలంగా ఉంటే దారం నిటారుగా దిగకుండా ఏటవాలుగా పోతుంది. అప్పుడు వంద మీటర్ల లోతుకు ఇంకెంత దారం వదలాలో చెప్పలేం. బోటు నడిపే మనిషి ఇంజిన్‌తో పడవను అదే చోట నిలబెట్టగలిగితేనే గాలం పనిచేస్తుంది. వీడియోల్లో రీలు తిప్పేవాడే హీరోలా కనిపిస్తాడు కానీ, నిజానికి సగం పని వెనక ఇంజిన్ దగ్గర కూర్చున్నాయనదే.

కొక్కేల్లో సర్కిల్ హుక్ మేలు. దాని మొన లోపలికి వంగి ఉంటుంది. చేప మింగి పక్కకు కదలగానే నోటి మూలలో తనంతట తానే పట్టుకుంటుంది. మనం ఝాడించి లాగక్కర్లేదు. ఝాడిస్తే పైగా ఊడిపోతుంది.

విశాఖ దగ్గరే ఎందుకు?

తీరం నుంచి సముద్రపు నేల కొంత దూరం నెమ్మదిగా వాలి, ఆ తర్వాత ఒక్కసారిగా లోతుకు పడిపోతుంది. ముంబై వైపు ఆ అంచు రావాలంటే దాదాపు 300 కిలోమీటర్లు వెళ్లాలి. విశాఖ దగ్గర సుమారు 40 కిలోమీటర్లే. అంటే మోటారు బిగించిన ఫైబర్ బోటు కూడా లోతు నీళ్లకు చేరగలదు.

సరదా కోసం మొదలైన ఆట అయితే కాదిది, కనీసం మన తీరంలో. విశాఖ, అనకాపల్లి జిల్లాల మత్స్యకారులు గాలం తాడుతో చేత్తోనే వేటాడతారు. పూడిమడక వాళ్లు ఎల్లోఫిన్ ట్యూనాను ఇలాగే పడతారు. వాళ్లది పై నీళ్లలో తిరిగే చేపల వేట, డ్రాప్‌లైన్ నేలను అంటిపెట్టుకుని ఉండే గ్రూపర్, స్నాపర్ లాంటి వాటి కోసం. తేడా అంతే, చేతిలో తాడు ఒకటే.

అండమాన్‌లో పర్యాటకుల కోసం గేమ్ ఫిషింగ్ బోట్లు ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన తెలుగు మత్స్యకార కుటుంబాలూ చాలా ఉన్నాయి. అయితే అక్కడి బోట్లు ఎక్కువగా నడిపేది పట్టి వదిలేసే పద్ధతిలో. కూరకు చేప కావాలనుకుని వెళ్తే నిరాశే.

పైకి వచ్చేసరికే చేప పని అయిపోతుంది

సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. వంద మీటర్ల దగ్గర మన ఒంటి మీద ఉన్న దానికి 11 రెట్లు. గ్రూపర్, స్నాపర్ లాంటి చేపల కడుపులో గాలితిత్తి ఉంటుంది. ఆ లోతులో తేలకుండా, మునగకుండా నిలబడేందుకు అదే ఆధారం. దాన్ని గబగబా పైకి లాగితే లోపలి గాలి 11 రెట్లు వ్యాకోచించాలని చూస్తుంది. కళ్లు ఉబ్బుతాయి. కడుపు నోట్లోంచి బయటకు తన్నుకొస్తుంది. ఈ స్థితిలో నీళ్లలో వదిలినా కిందికి దిగలేదు. బెలూన్‌లా తేలుతూ ఉంటుంది, పక్షులకో సొరచేపకో ఆహారమవుతుంది.

అన్ని చేపలకూ ఈ బాధ లేదు. వంజరానికి గాలితిత్తే ఉండదు, సొరచేపకూ అంతే. ఇబ్బందల్లా నేల చేపలతోనే.

దీనికి పరికరాలు లేకపోలేదు. చేప పెదవికి బరువున్న క్లిప్ తగిలించి మళ్లీ లోతుకు దించే సాధనాలు ఉన్నాయి. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో రాతి దిబ్బల చేపలు పట్టే బోట్లలో ఇలాంటి సాధనమో, గాలి తీసే సూదో సిద్ధంగా ఉండాలని అమెరికా 2021 జనవరిలో చట్టమే చేసింది. మీరు మాట్లాడుకునే బోటులో అది ఉందా అని ముందే అడగండి. లేకపోతే లెక్క మార్చుకోవాలి.. రెండో, మూడో చేపలు పడ్డాక గాలం ఎత్తేయాలి. 'ఇంకొన్ని పడదాం, చిన్నవి వదిలేద్దాం' అనే మాటకు ఈ లోతులో అర్థం లేదు. ఒకే దారానికి ఐదు కొక్కేలు కట్టడం కూడా అందుకే నాకు నచ్చదు. మొదటిసారి వెళ్లేవాళ్లకు రెండు చాలు.

గ్రూపర్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. వీటిలో చాలా జాతులు ఆడచేపగా పెరిగి, పెద్దయ్యాక మగచేపగా మారతాయి. పెద్దవాటినే ఏరి పట్టేస్తే ఆ దిబ్బ మీద మగచేపలు కరువవుతాయి. ఇక జెయింట్ గ్రూపర్‌ను పట్టడమే నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షిత జాబితాలో అది 2001లోనే చేరింది. మరి అది గాలానికి చిక్కితే? బోటు పక్కనే, నీళ్లలోనే ఉంచి దారం కోసేయడం తప్ప మార్గం లేదు.

తాడు చేతికి చుట్టుకోవద్దు

2025 జూలై మొదట్లో పూడిమడక నుంచి వేటకు వెళ్లిన ఓ మత్స్యకారుడి గాలానికి భారీ కొమ్ముకోనాం చిక్కింది. పైకి లాగే ప్రయత్నంలో ఆ చేపే ఆయన్ను సముద్రంలోకి లాక్కెళ్లిపోయింది. ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్నవాళ్ల పరిస్థితే అది.

మీరు నేల చేప కోసమే గాలం వేసినా, పైకి లాగుతున్న చేపను మధ్యలో పెద్ద చేప అందుకోవచ్చు. బ్రెయిడ్ దారం సన్నది, తెగదు, వేలిని మాత్రం కోసేస్తుంది. అందుకని తాడును అరచేతికి, మణికట్టుకు చుట్టుకోకూడదు. గ్లవ్స్ ఉండాలి. దారం తెంపడానికి చాకు చేతికి అందేలా ఉండాలి. లైఫ్ జాకెట్ బోటులో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి.

సముద్రం సమాచారం ప్రగతినగర్‌లోనే

బయల్దేరే ముందు అలలు, గాలి ఎలా ఉంటాయో చూసుకోవాలి. ఆ సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, ఉన్నది సముద్ర తీరంలో కాదు. 1999లో ఏర్పాటైన ఈ సంస్థ గౌడవెల్లి వాళ్లకు పక్కనే అనదగ్గ ప్రగతినగర్‌లో ఉంది. సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, నీటిలోని పచ్చదనం శాటిలైట్ల ద్వారా చూసి చేపలు ఎక్కడ దొరకొచ్చో తెలుగులో కూడా సూచనలిస్తుంది. అవి పై నీళ్లలో తిరిగే చేపల కోసం. రాతి దిబ్బ దగ్గర దాక్కున్న గ్రూపర్ ఎక్కడుందో శాటిలైట్ చెప్పదు. ఆ దిబ్బలు తెలిసేది స్థానిక మత్స్యకారులకే. ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరికలు మాత్రం మీకు నేరుగా పనికొస్తాయి. హెచ్చరిక ఉన్న రోజు అడ్వాన్స్ పోయినా సరే, ఆగిపోవాలి.

జనవరి నుంచి మార్చి దాకా సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు తుపాన్ల కాలం. విశాఖను హుద్‌హుద్ తాకింది కూడా 2014 అక్టోబర్ 12నే.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు తూర్పు తీరంలో మోటారు బోట్లతో వేట నిషేధం. 'మేం సరదాగా వచ్చాం' అంటే కుదరదు. మిగతా రోజుల్లో కూడా, చేపల బోటుకు ఉండే లైసెన్స్ వేట కోసం ఇచ్చింది, టూరిస్టులను తిప్పడానికి కాదు. డబ్బులిస్తే ఎవరో ఒకరు ఎక్కించుకుంటారని హార్బర్‌కు వెళ్లిపోకండి. మత్స్యశాఖ కార్యాలయంలో ముందే అడిగి, ఒరిజినల్ ఆధార్ దగ్గర పెట్టుకోండి. విశాఖ నేవీ కేంద్రం కాబట్టి తనిఖీలు మామూలే. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్‌గార్డ్ నంబర్ 1554.

ఇంటికి తెచ్చేది ఎలా?

చేప పైకి రాగానే చంపి, రక్తం కార్చి, ఐసులో పెట్టాలి. మన ఎండకు కిలో చేపకు కిలో ఐసు లెక్క. ట్యూనా, వంజరం లాంటివి ఎండలో పడి ఉంటే వాటిలో హిస్టమిన్ తయారవుతుంది. తిన్నాక ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు. వండితే పోతుందనుకుంటారు, పోదు. కారం, చింతపండు ఎంత వేసినా అంతే.

లోతు నీళ్లలో ఆయిల్ ఫిష్ కూడా గాలానికి తగులుతుంది. నల్లగా, గరుకు పొలుసులతో ఉంటుంది. మాంసం తెల్లగా, రుచిగానే ఉంటుంది. దానిలోని నూనె మైనం లాంటిది, మన పొట్ట అరిగించుకోలేదు, చాలామందికి విరేచనాలవుతాయి. పేరు తెలియని చేపను బోటు ఆయనకు చూపించకుండా ఐస్ బాక్సులో వేయొద్దు. తిరుగు ప్రయాణం కూడా ఎనిమిదిన్నర గంటలు కాబట్టి బాక్సుకు కింద నీళ్లు కారిపోయే బిరడా ఉండాలి. చేప ఐసులో ఉండాలి, కరిగిన నీళ్లలో కాదు.